దిగువ ఊరి ప్రశ్న

 ఏ మాస్టారి స్మృతిలో ఈ సభ జరుగుతున్నదో, ఆయన బడి వదిలాక అరుగు మీద కూర్చుని చుట్టుపక్కల తండాలవాళ్లకు అర్జీలు రాసిపెట్టేవారని ఇక్కడున్న చాలామందికి తెలుసు. అర్జీ రాయడం ఒక ఎత్తు, దాని మీద ఆఫీసు ముద్ర వేయించుకుని నకలు దాచుకోవడం ఇంకో ఎత్తు అని నేర్పిన మనిషి ఆయన. అందుకే ఈ ఏటి ఉపన్యాసానికి ప్రజాభిప్రాయ సేకరణను విషయంగా ఎంచుకోవడం సముచితంగా ఉంది. పెద్ద పథకం ఏదైనా నేల మీదికి వచ్చేముందు ప్రజలను అడగాలని చట్టం చెబుతోంది. అయితే అడిగించుకునే అర్హత ఎవరికి ఉంది? అడిగినప్పుడు వారు వేసిన ప్రశ్నకు జవాబు చెప్పే పూచీ ఎవరిది? ముప్పై ఏళ్ల అనుభవం తరవాత కూడా ఈ రెండూ తేలలేదన్నదే ఇక్కడి వాదన.

ఈ మాట చెప్పడానికి వాడపల్లి కంటే తగిన చోటు లేదు. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాద్ నడిబొడ్డు నుంచి నగరం వదిలినదంతా మోసుకుని, నల్లగొండ, సూర్యాపేట జిల్లాల పొలాలను తడిపి, ఇక్కడ కృష్ణలో కలుస్తుంది. సంగమం ఒడ్డున అగస్త్యేశ్వరుడు, లక్ష్మీనరసింహుడు కొలువున్నారు. నరసింహస్వామి గర్భగుడిలో ముఖం ఎత్తున వెలిగే దీపం స్వామి ఊపిరికి కదులుతుందనీ, కింద ఉన్న దీపం నిశ్చలంగా ఉంటుందనీ భక్తులు చూపిస్తారు. వంతెన దాటితే అవతల పొందుగల, పల్నాడు, ఆంధ్రప్రదేశ్. ఇటు సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, మండలంలోనే నాలుగు వేల మెగావాట్ల థర్మల్ కేంద్రం. ఎగువన ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నా దాని ఫలితం చివరికి చేరే ఊళ్లలో ఇదొకటి.

ఈ నేల మీద పెద్ద పథకాల చరిత్ర నాగార్జునసాగర్‌తో మొదలవుతుంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. దానికి ఏడాది ముందు, 1954లోనే, నాగార్జునకొండ లోయ మునిగిపోతుందని పురావస్తు శాఖ తవ్వకాలు మొదలుపెట్టింది. ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో 1960 దాకా సాగిన ఆ పనిలో ఇక్ష్వాకుల నాటి కట్టడాలను గుర్తించి, కొలిచి, కొన్నింటిని రాయి రాయీ విప్పి కొండ మీద తిరిగి నిలబెట్టారు. మునిగే రాళ్ల మీద ఆరేళ్ల అధ్యయనం జరిగింది. ఆ లోయలో బతికే మనుషుల అభిప్రాయం తీసుకునే ఏర్పాటు మాత్రం అప్పటికి ఏ చట్టంలోనూ లేదు. ఎడమ కాలువ నీళ్లతో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వరి మాగాణులయ్యాయి. ఆ మేలును ఎవరూ కాదనరు. మేలు పొందినవారు వేరు, ఊరు వదిలినవారు వేరు అన్న సంగతి మాత్రం ఆ పచ్చదనం వెనక మరుగున పడింది. పాతికేళ్ల తరవాత, 1981లో, శ్రీశైలం ముంపు గ్రామాలను ఖాళీ చేయించినప్పుడు అదే కథ మరింత కఠినంగా నడిచింది.

పథకం ప్రభావాన్ని ముందే అంచనా వేయాలన్న ఆలోచన చట్టమైంది తరవాతే. అమెరికాలో జాతీయ పర్యావరణ విధాన చట్టం 1970 జనవరి 1న అమల్లోకి వచ్చింది. మన దేశంలో 1978 ప్రాంతంలో నదీలోయ పథకాలకు ప్రభావ అంచనా మొదలైంది. అదీ అధికారులకూ ఇంజినీర్లకూ మధ్య నడిచే వ్యవహారమే. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, దాని కింద 1994 జనవరి 27న ప్రభావ అంచనా నోటిఫికేషన్ వచ్చాయి. ప్రజా విచారణ తప్పనిసరి అన్న సవరణకు 1997 ఏప్రిల్ 10 దాకా ఆగాల్సి వచ్చింది. నేడు అమల్లో ఉన్నది 2006 సెప్టెంబర్ 14 నాటి నోటిఫికేషన్. దాని ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి ముప్పై రోజుల ముందు పత్రికా ప్రకటన ఇవ్వాలి. ముసాయిదా నివేదికనూ, స్థానిక భాషలో దాని సారాంశాన్నీ జనానికి అందుబాటులో ఉంచాలి. కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని ప్రతినిధి గానీ అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. చివర్లో కార్యక్రమ వివరాలను స్థానిక భాషలో సభకు చదివి వినిపించాలి. హాజరుకు కోరం అక్కర్లేదు.

ఈ నిబంధనలు కాగితం మీద చక్కగా ఉన్నాయని ఒప్పుకోవాల్సిందే. సభ జరిగే తీరు ఈ జిల్లావాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. సిమెంటు ఫ్యాక్టరీ విస్తరణకో, కొత్త గనికో నిలువెత్తు షామియానా, వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, వేదికకూ జనానికీ నడుమ వెదురు బారికేడ్లు, చుట్టూ పోలీసులు. మైకు ముందుగా అందేది నాయకులకు. ఉద్యోగాలు వస్తాయని ఒకరు, ఊరికి రోడ్డు కావాలని ఒకరు. దుమ్ము గురించి, బ్లాస్టింగ్‌కు బీటలువారిన గోడల గురించి మాట్లాడే ఆడవాళ్ల వంతు వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. ఈ దృశ్యం చూసి ఇదంతా తంతు అని కొట్టిపారేసేవాళ్లున్నారు. ఆ విసుగు అర్థమయ్యేదే, కానీ అది సగం నిజమే. ఆ రోజు సభలో అన్న ప్రతి మాటా రికార్డుకెక్కుతుంది. రికార్డులో ఉన్న ప్రశ్నకు ఎన్నేళ్లయినా కాలం చెల్లదు.

ఇక పైపులైన్ల సంగతి. ముడి చమురునో పెట్రోలు, డీజిల్ వంటి ఉత్పత్తులనో మోసే గొట్టం ఏదైనా జాతీయ పార్కు, అభయారణ్యం, పగడపు దిబ్బలు, పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతం గుండా పోతేనే 2006 నోటిఫికేషన్ పరిధిలోకి వస్తుంది. వరి పొలాల కింద, పత్తి చేల కింద, చెరువు ఆయకట్టు కింద పోతే రాదు. పర్యావరణ అనుమతి అవసరం లేనప్పుడు ప్రజాభిప్రాయ సేకరణ ప్రసక్తీ లేదు. విశాఖపట్నం నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్‌కు హెచ్‌పీసీఎల్ పైపులైను, ఒడిశాలోని పారాదీప్ నుంచి హైదరాబాద్‌కు ఇండియన్ ఆయిల్ వేసిన 1,212 కిలోమీటర్ల పైపులైను ఈ ప్రాంతం మీదుగా పోయేవే. కోదాడ, సూర్యాపేట మార్గంలో హైవే మీద పోయేవారికి కనిపించేవి పొలాల్లో నాటిన పసుపుపచ్చ హెచ్చరిక రాళ్లు మాత్రమే.

ఈ గొట్టాలకు వర్తించే చట్టం వేరు. అది 1962 నాటి పెట్రోలియం పైపులైన్ల చట్టం. భూమి కొనరు. యాజమాన్యం రైతుదే, పట్టాదారు పాసుపుస్తకంలో పేరు మారదు. కింద గొట్టం వేసుకునే వినియోగ హక్కును మాత్రం కేంద్రం తీసుకుంటుంది. ముందు గెజిట్‌లో ప్రకటన వెలువడుతుంది. ఆ తేదీ నుంచి 21 రోజుల్లోగా, ఆ భూమితో సంబంధం ఉన్న వ్యక్తి కాంపిటెంట్ అథారిటీకి లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పుకోవచ్చు. స్వయంగానో వకీలు ద్వారానో వాదన వినిపించుకోవచ్చు. ఆ తరవాత ఆ పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. పంట నష్టానికి పరిహారం, వినియోగ హక్కుకు బదులుగా భూమి మార్కెట్ విలువలో పది శాతం. బత్తాయి తోట మధ్యలోంచి పట్టీ పోయిన రైతును అడిగితే ఆ పది శాతం ఎంతకు సరిపోయిందో చెబుతాడు.

పరిహారం సంగతి అలా ఉంచి, ఈ చట్టం మనిషిని ఎలా చూస్తుందో గమనించాలి. ‘ఆ భూమితో సంబంధం ఉన్న వ్యక్తి’ అన్న నిర్వచనంలో గొట్టం తన సర్వే నంబర్ కింద పోతున్నవాడే ఉంటాడు. విజయవాడ నుంచి సూర్యాపేట మీదుగా హైదరాబాద్‌కు వచ్చే గొట్టం ఏదైనా పాలేరును, మూసీని దాటక తప్పదు. మూసీ దాటే చోట కీలు వదులై చమురు కారితే అది ఎక్కడికి పోతుంది? నీటి దారినే దిగువకు, సంగమం వైపు. వాడపల్లి జాలరికీ, దిగువన మోటారు వేసుకుని నారుమడి తడుపుకునే రైతుకూ గొట్టం కింద సెంటు భూమి కూడా ఉండదు. కాబట్టి 1962 చట్టం కళ్లకు వాళ్లు సంబంధం లేనివాళ్లు. 2006 నోటిఫికేషన్ కళ్లకు అసలు పథకమే కనిపించదు. పొలం పొలం వారీగా, రైతు రైతు వారీగా విడగొట్టి అడగడంలో మొత్తం గొట్టం గురించిన ప్రశ్న అడిగే చోటు లేకుండాపోయింది. నది గురించి మాట్లాడే హక్కు నదికి దూరంగా పట్టా ఉన్నవాడి దగ్గర చిక్కుకుంది.

గొట్టం ప్రమాదం ఊహాజనితం కాదని 2014 జూన్ 27 తెల్లవారుజామున తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామం చూపించింది. గెయిల్ గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు, కొబ్బరి తోటలు మాడి మసయ్యాయి. గ్యాస్ వాసన వస్తోందని అంతకుముందే చెప్పామని ఊరివాళ్లు అప్పట్లో వాపోయారు. తడి గ్యాస్ వల్ల గొట్టానికి పట్టిన తుప్పు చర్చలోకి వచ్చింది. గొట్టం పరిస్థితి దాని పక్కన బతికేవాడికే ముందు తెలుస్తుంది. ఆ తెలిసిన మాట వినే యంత్రాంగం ఎక్కడుందన్నదే ప్రశ్న.

పైపులైను విషయంలో ప్రజలను అడగడం అసాధ్యమన్న వాదనకు ప్రపంచ చరిత్రలో ఒక ఘనమైన జవాబుంది. 1970ల్లో కెనడా ఉత్తరాన మెకంజీ లోయ వెంట భారీ గ్యాస్ పైపులైను వేయాలని కంపెనీలు ముందుకొచ్చాయి. 1974లో ప్రభుత్వం జస్టిస్ థామస్ బెర్గర్‌ను విచారణకు నియమించింది. ఆయన నగరంలో కోర్టు పెట్టి కూర్చోలేదు. ముప్పై అయిదు ఊళ్లకు తానే వెళ్లి, చలిలో సమావేశ మందిరాల్లో కూర్చుని, దాదాపు వెయ్యిమంది మాట విన్నారు. స్థానికులు తమ భాషల్లో చెప్పుకున్నారు. ఆ మాటలను రేడియో ఆ భాషల్లోనే రోజూ వినిపించింది. వాదించడానికి కావలసిన డబ్బు ప్రజా సంఘాలకు ప్రభుత్వమే ఇచ్చింది. 1977లో వెలువడిన నివేదికలో మెకంజీ లోయ పైపులైనును పదేళ్లపాటు ఆపాలని, యూకాన్ ఉత్తర తీరం గుండా అసలే వేయకూడదని బెర్గర్ సిఫార్సు చేశారు. ఏ పొలం కింద పోతుందని కాక, ఈ గొట్టం వస్తే ఈ ప్రాంతం ఏమవుతుందని అడిగినందుకే ఆ విచారణ ఇప్పటికీ ఉదాహరణగా నిలిచింది.

మన దగ్గర అంత విస్తారమైన విచారణ జరగలేదు. కానీ ప్రశ్నకు బలం ఉందని చూపే సందర్భాలు ఈ ఉమ్మడి జిల్లాలోనే ఉన్నాయి. నాగార్జునసాగర్ జలాశయానికి దగ్గర్లో లంబాపూర్, పెద్దగట్టు వద్ద యురేనియం గని తవ్వాలని యురేనియం కార్పొరేషన్ (యూసీఐఎల్) ప్రతిపాదించినప్పుడు 2003 ఆగస్టులో ప్రజా విచారణ జరిగింది. శుద్ధి కర్మాగారం మొదట మల్లాపురంలో అనుకున్నారు. అది హైదరాబాద్‌కు కృష్ణా జలాలందించే అక్కంపల్లి జలాశయానికి అతి సమీపం. అభ్యంతరాల తరవాత దాన్ని దేవరకొండ దగ్గరి శేరిపల్లికి మార్చే ప్రతిపాదన వచ్చింది. గని నేటికీ తెరుచుకోలేదు. ప్రశ్నను వినకుండా ముందుకు పోతే ఏమవుతుందో జిల్లా బయట, శ్రీకాకుళం జిల్లా సోంపేట చూపించింది. అక్కడి థర్మల్ కేంద్రానికి వ్యతిరేకంగా బీల అనే చిత్తడి నేల కోసం నిలబడిన జనం మీద 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ పథకం అనుమతిని రద్దు చేసింది. ఆ తీర్పు కొన్ని గంటలు ముందొస్తే బాగుండేదన్న బాధ ఇప్పటికీ తగ్గేది కాదు.

దామరచర్ల మండలం వీర్లపాలెంలోని యాదాద్రి థర్మల్ కేంద్రం వీటన్నిటికంటే దగ్గరిది, ఎక్కువ చెప్పుకోదగ్గది. ఒక్కోటి 800 మెగావాట్ల చొప్పున అయిదు యూనిట్లు. 2015 జూన్ 8న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు శంకుస్థాపన చేశారు. సింహభాగం రిజర్వు అటవీ భూమి. 2017 జూన్‌లో కేంద్రం పర్యావరణ అనుమతినిచ్చింది. ముంబైకి చెందిన కన్జర్వేషన్ యాక్షన్ ట్రస్ట్ ఆ అనుమతిని జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో సవాలు చేసింది. 2022 సెప్టెంబర్ 30న చెన్నైలోని దక్షిణ ధర్మాసనం ఆ అనుమతిని పక్కనపెట్టి ఉంచాలని, అదనపు అధ్యయనాలు చేయాలని ఆదేశించింది. దిగుమతి బొగ్గు కలిపి కాల్చే అంచనాతో మొదలైన పథకం స్వదేశీ బొగ్గుకు మళ్లడం ఇందులో కీలకాంశం. మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. బొగ్గు మారితే బూడిద లెక్క మారుతుంది, బూడిద మారితే చెరువు లెక్క, గాలి లెక్క మారతాయి. పాత లెక్క మీద అడిగిన అభిప్రాయం కొత్త పథకానికి చెల్లుతుందా అన్నదే అసలు చిక్కు.

అదనపు అధ్యయనం తరవాత 2024 ఫిబ్రవరిలో మళ్లీ ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. అప్పటికి బాయిలర్లు, చిమ్నీలు లేచి నిలబడ్డాయి. వేల కోట్లు ఖర్చయిపోయాయి. ఆ నీడలో ‘ఈ కేంద్రం రావాలా’ అని అడగడంలో అర్థమేముంది? భూనిర్వాసితులు ఉద్యోగాల గురించి అడగడాన్ని కొందరు తప్పుపట్టారు. అది అన్యాయం. కట్టేసిన కేంద్రం ముందు నిలబడిన మనిషికి మిగిలేది ఉద్యోగం అడిగే హక్కే. 2024 డిసెంబర్ 7న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి రెండో యూనిట్‌ను జాతికి అంకితం చేశారు. ప్రశ్న ఎంత మంచిదన్నది సరిపోదు, అది ఏ దశలో వచ్చిందన్నది ముఖ్యం. నిర్ణయానికి ముందు వచ్చినప్పుడే అది ప్రశ్న, తరవాత వస్తే విన్నపం.

ఇంకో ఇబ్బంది భాషది. అసలు నివేదిక ఇంగ్లీషులో వందల పేజీలు. తెలుగు సారాంశంలో ‘పరివేష్టిత వాయు నాణ్యత’ వంటి మాటలు, తెలుగు పంతుళ్లకూ తడబాటు కలిగించేవి. దామరచర్ల తండాల్లో ఇంటి భాష లంబాడీ. 2020 మార్చిలో కొత్త ముసాయిదా నోటిఫికేషన్‌ను కేంద్రం విడుదల చేసినప్పుడు అది ఇంగ్లీషు, హిందీల్లోనే వచ్చింది. అభిప్రాయానికి ముప్పై రోజులను ఇరవైకి కుదించాలన్న ప్రతిపాదన అందులోదే. ఎనిమిదో షెడ్యూలులోని ఇరవై రెండు భాషల్లోకీ అనువదించమని ఢిల్లీ హైకోర్టు 2020 జూన్ 30న ఆదేశించింది. ఆ ఆదేశం పూర్తిగా అమలైనా లంబాడీకి చోటు లేదు, ఆ భాష షెడ్యూల్లో లేదు కాబట్టి. బెర్గర్ రేడియోను ఈ సందర్భంలో తలచుకోవడం అందుకే. ముప్పై రోజుల్లో ఓ సాయంత్రం తండా కూడలిలో ఆ సారాంశాన్ని లంబాడీలో చదివి వినిపించడానికి ఏ చట్టమూ అడ్డం కాదు, పెద్ద ఖర్చూ లేదు.

జవాబు సంగతికి వస్తే, ఢిల్లీ హైకోర్టు 2009 నవంబర్‌లో ఉత్కర్ష్ మండల్ కేసులో ఒక గట్టి మాట చెప్పింది. గోవాలోని ఇనుప ఖనిజ గనికి సంబంధించిన కేసు అది. ప్రజా విచారణలో వచ్చిన అభ్యంతరాలను నిపుణుల కమిటీ పరిశీలించిందంటే చాలదు, ఒక్కోదాన్ని ఎందుకు ఒప్పుకుందో, ఎందుకు తోసిపుచ్చిందో కారణాలు రాయాలని కోర్టు చెప్పింది. ఆచరణలో ఎక్కువసార్లు అభ్యంతరం పక్కన కంపెనీ రాసిచ్చిన ‘తగిన చర్యలు తీసుకుంటాం’ అన్న వాక్యమే కనిపిస్తుంది. ఎవరు తీసుకుంటారు, ఎప్పటిలోగా, తీసుకోకపోతే ఎవరిని అడగాలి అన్నవి ఉండవు. ఒడిశాలోని నియమగిరిలో 2013 ఏప్రిల్ 18 నాటి సుప్రీంకోర్టు తీర్పు తరవాత పన్నెండు గ్రామసభలు బాక్సైట్ తవ్వకాన్ని తిరస్కరించాయి. అక్కడ మాట నిర్ణయమైంది. ఆ బలం అటవీ హక్కుల చట్టం నుంచి వచ్చింది. మైదానంలో పొలం కింద గొట్టం పోయే రైతుకు అలాంటి చట్టం లేదు. కనీసం కారణాలు రాసిన జవాబైనా దక్కాలి.

ఇందుకోసం చట్టమంతా మార్చేదాకా ఆగనక్కర్లేదు. పైపులైన్లను 2006 నోటిఫికేషన్ షెడ్యూలులో అభయారణ్యాలకే పరిమితం చేయకుండా, పెద్ద నదులను దాటే గొట్టాలకూ వర్తింపజేయడం ఒక సవరణతో అయ్యే పని. ఇందుకు పూర్వోదాహరణ ఉంది, ఎటొచ్చీ వ్యతిరేక దిశలో. 2020 జనవరి 16న కేంద్రం చమురు, సహజవాయు అన్వేషణను ప్రజా విచారణ అక్కర్లేని కేటగిరీలోకి మార్చింది. ఒక నోటిఫికేషన్‌తో తీసేసినదాన్ని ఇంకో నోటిఫికేషన్‌తో చేర్చవచ్చు.

ఇప్పుడే చేయగలిగిన పని ఇంకొకటుంది. అనుమతి పొందిన ప్రతి పథకమూ షరతుల అమలు నివేదికను ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న దాఖలు చేయాలని 2006 నోటిఫికేషన్ చెబుతోంది. అవి బహిరంగ పత్రాలు, అడిగినవారికి నకలు ఇవ్వాల్సినవి. వీర్లపాలెం కేంద్రానికైనా, చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలకైనా ఇదే నిబంధన. బూడిద ఎంత వచ్చింది, ఎటు పోయింది, బూడిద చెరువు పక్కన బోర్ల నీళ్లు ఎప్పుడు పరీక్షించారు, పొగ గొట్టం లెక్కలేమిటి అన్న వివరాలు అందులో ఉండాలి. మాస్టారి పేరిట ఏటా ఈ సభ జరిపే నిర్వాహకులు ఆ నివేదికలను అర్జీ పెట్టి తెప్పించి, తెలుగులోనూ లంబాడీలోనూ చదివించే ఏర్పాటు చేస్తే, వచ్చే జూన్ గ్రామసభలో వాటిని పంచాయతీ రికార్డుకెక్కించవచ్చు. అర్జీ నమూనా సిద్ధంగానే ఉంది. సభ అయ్యాక బయట బల్ల మీద దొరుకుతుంది, సంతకంతో పాటు తేదీ కూడా వేయాలి.